నేను వెలిగించని కుంపటి

కొందరు పుణ్యానికి ప్రయాణం కడతారు, కొందరు గాలి మార్పుకి. నేను కుళ్ళుతో కట్టాను. విజయనగరంలో మా ఇంట్లో ఉప్మా తింటుండగా రాయగడ నుంచి మా బావ, అంటే మేం అప్ప అని పిలిచే మా అక్క మొగుడు, ఫోను చేశాడు.

"బామ్మర్దీ, లండన్ నుంచి ఓ పిల్ల వచ్చింది. వాళ్ళ తాత మన మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో పన్సేసేడట. ఆ కథంతా బొమ్మల పుస్తకం గీస్తంది. ఆ కాలపు తెలుగోలు కావాలని బజారంతా తిరిగితే ఎవులో మన కొట్టు సూపించేరు. మీ అప్ప పులిహోర పెట్టింది. నువ్వూ బొమ్మల మేస్టరువే కదా, సెవిలో ఓ మాటేద్దామని."

ఉప్మా గొంతులో అడ్డం పడింది.

విషయం ఏమిటంటే, నేను ముప్పయ్యారేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసినవాణ్ణి. ఆనకట్ట కట్టే రోజుల్లో మా నాన్న బొబ్బిలి వైపు నుంచి మాచ్‌ఖండ్ కాలనీకి పోయి కిరాణా కొట్టు పెట్టిన కథని బొమ్మల నవలగా గీస్తానని నలభై ఏళ్ళుగా ఊరంతా చెబుతున్నాను. ఇప్పటికి రెండొందల పేజీలు పూర్తయ్యాయి. కాదు, పదకొండు. ఆ పదకొండింట్లో ఏడు పేజీల నిండా తక్కెడే ఉంటుంది. తక్కెడ గీయడం నాకు బాగా వచ్చు.

అలాంటి నా మాచ్‌ఖండ్‌ని ఎక్కడో లండన్ పిల్ల వచ్చి గీసుకుపోవడమా? సాయంత్రం బండికే ఎక్కాను.

రాయగడ

రాయగడలో దిగితే పరాయి రాష్ట్రంలో దిగినట్టుండదు. స్టేషన్లో ఒడియా, బజార్లో తెలుగు, బేరం గట్టిపడితే రెండూ కలిపి. మా బావ చింతపండు, పసుపు హోల్‌సేలు వ్యాపారి. ఆయన కొట్టు వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. నా కోసం వీధంతా గుమ్మాల్లో నిలబడింది. వీధంతా అంటే మా అప్ప.

"ఏట్రా తమ్ముడూ, ఇలా సిక్కిపోనావు? ఆ ఇజీనగరంలో తిండి లేదేటి?"

అప్పకి ఎనభై దాటాయి, నాకంటే అయిదేళ్ళు పెద్ద. అయిదో తరగతితో చదువు మానిపించి తర్వాత ఈ ఇంటికి ఇచ్చేశారు. ఏ పెళ్ళిలోనైనా మా వంశం కథ చెప్పమంటే అందరూ నా వైపే తిరుగుతారు. నేను చెబుతాను, అప్ప వడ్డిస్తుంది.

లండన్ పిల్ల వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. పేరు తమార. ముప్పై అయిదేళ్ళుంటాయి, పొట్టి జుట్టు, వేళ్ళ నిండా సిరా. అప్ప చింతపండు గింజలు తీస్తుంటే గీసిన పేజీ ఒడిలో తెరిచి ఉంది. చూసి నా కళ్ళు మండాయి. ఒక్క గీతతో మా అప్ప మోకాలి నొప్పి గీసేసింది! నేను ముప్పయ్యారేళ్ళు పిల్లలకి నేర్పింది పూలకుండీ.

ఆమెకి తెలుగు రాదు, అప్పకి ఇంగ్లీషు రాదు. మధ్యలో మాట కలిపేది అప్ప మనవరాలు లావణ్య, అక్కడే స్కూల్లో టీచరు. మర్నాడు మధ్యాహ్నం లావణ్య స్కూలుకి పోవడంతో ఆ పని నా మీద పడింది. కథంతా అక్కడే మొదలైంది.

తమార వాళ్ళు యూదులు. వాళ్ళ తాతది వియన్నా. హిట్లర్ మనుషులు పట్టుకోకముందే తప్పించుకున్నాడు. తల్లిదండ్రులూ చెల్లెళ్ళూ తప్పించుకోలేకపోయారు. ఇంజనీరు చదువు కాబట్టి ఎలాగో మన దేశానికి చేరి, చివరికి మాచ్‌ఖండ్‌లో టర్బైన్ల దగ్గర తేలాడు. తర్వాత లండన్ వెళ్ళిపోయాడు గానీ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదట.

"మా వాళ్ళలో చాలా ఇళ్ళు అంతే. పెద్దవాళ్ళు నోరు విప్పలేదు. అందుకే పిల్లలూ మనవలూ బొమ్మలు గీస్తున్నారు. మాటలు లేని చోట బొమ్మ పనికొస్తుంది," అంది.

ఇంకా చెప్పింది. ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాక, మిగిలిన నలుగురూ ఏ దేశంలో ఉన్నా కూడబలుక్కుని తమ ఊరికి ఒక పుస్తకం రాసుకునేవారట: ఏ వీధిలో ఎవరి ఇల్లు, రొట్టెల కొట్టు ఎవరిది, ఎవరికి నత్తి. గుర్తున్నంత మేర పటం కూడా వేసి. అదీ కాక, ఏటా ఒక పండగ భోజనం దగ్గర ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డ ప్రశ్నలు అడుగుతుంది. పెద్దవాళ్ళు వేల ఏళ్ళ నాటి కథని, 'మేము ఈజిప్టులో బానిసలం, మేము బయటపడ్డాం' అని, తామే నడిచొచ్చినట్టు చెబుతారు.

నేను లోపల్లోపల లెక్క వేసుకున్నాను. తద్దినం నాడు మనం తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెబుతాం. నాలుగో తరం వాడు వరసలోంచి జారిపోతాడు. మా ముత్తాత ఏం తినేవాడో, దేనికి నవ్వేవాడో నాకు తెలీదు. వీళ్ళేమో మూడు వేల ఏళ్ళ నాటి నడకని నిన్న తొడిగిన చెప్పులతో సహా చెబుతున్నారు! ఇలాంటి ఆస్తి మీద కుళ్ళుకోనివాడు మనిషేనా?

"మరి మీ పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అన్నాను, ఆగిపోయి ఉంటే బాగుండునని.

"ఒక్క పేజీ దగ్గర ఆగింది," అంది. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

వాళ్ళ తాత రాసిన ఒక ఉత్తరం దొరికింది. అందులో మాచ్‌ఖండ్ గురించి ఒకే వాక్యం: 'శుక్రవారం సందెవేళ ఒక పసిబిడ్డ వచ్చి, నేను అడగకుండానే కుంపటి రాజేస్తుంది.' వాళ్ళకి శుక్రవారం పొద్దు గుంకగానే విశ్రాంతి దినం మొదలవుతుంది. నిప్పు ముట్టించకూడదు, ముట్టించమని ఇంకొకరిని అడగనూ కూడదు. అందర్నీ పోగొట్టుకున్న ఆ మనిషి కొండల చలిలో ఒంటరిగా ఆ నియమం పాటించాడన్నమాట. ఆ బిడ్డ ఆడపిల్లో మగపిల్లాడో ఉత్తరంలో లేదు.

"నేను వచ్చింది ఆ బిడ్డ కోసమే. వచ్చినప్పటి నుంచీ కొట్టు కబుర్లే అయ్యాయి, ఈ మాట ఇక్కడ ఇంకా ఎవరినీ అడగలేదు. బతికి ఉంటే ఆ ముఖం గీయాలి. దొరక్కపోతే ఆ గడి ఖాళీగా అచ్చువేస్తాను. తెలియనిది నేను గీయను."

నేను చింతపండు గింజ ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ఆ బిడ్డని నేనే," అన్నాను.

ఇది చదివేవాళ్ళకి ఇక్కడే చెప్పేస్తున్నాను, దాచి లాభం లేదు. ఆ బిడ్డ నేను కాదు. నా ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అప్ప. నాకా సంగతి శుభ్రంగా తెలుసు. అప్పటికి నాకు అయిదేళ్ళు. తమారకి ఎనిమిదని చెప్పాను. ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. అప్ప తలెత్తి, "ఏటంటుందిరా పాపం?" అంది.

"నీ పులిహోర బాగుందంటోంది," అన్నాను.

టికిరి

మర్నాడు కొరాపుట్ బండి ఎక్కాం: నేను, తమార, లావణ్య, అప్ప. సచ్చేలోగా ఓసారి మాచ్‌ఖండ్ సూడాల అని అప్ప పట్టుబట్టింది. ఎదురెదురు సీట్లలో నా అబద్ధమూ నా సాక్షీ కూర్చున్నారు. తమార ఇంగ్లీషులో ఏదైనా అడగబోతే చాలు, లావణ్య చెవిన పడకుండా కిటికీ లోంచి ఏదో ఒకటి చూపించేవాణ్ణి. ఆ దారిలో సొరంగాలు దండిగా ఉండటం నా అదృష్టం. చీకటి పడగానే మాట తెగిపోయేది.

టికిరిలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద బొరాలు, అంటే మినప గారెలు, పైన బఠాణీ ఘుగుని పోసి ముప్పై రూపాయలకి నాలుగు ఇస్తున్నారు. మా వైపు గారె కరకరలాడాలి. ఇక్కడ కూరలో మునిగి మెత్తబడాలి. చిల్లర కోసం నిలబడ్డానో లేదో బండి కదిలింది. దొన్నె ఒక చేత, కమ్మీ ఒక చేత పట్టుకుని చిరుతలా ఎగిరి ఎక్కాను. చిరుత మాట అబద్ధం. తమారా లావణ్యా చెరో రెక్కా పట్టి ధాన్యం బస్తాని లాగినట్టు లాగారు. ఘుగుని చొక్కా మీదికి వచ్చింది.

"బొరాల కోసం సత్తావేట్రా!" అంది అప్ప. కొంగుతో నా చొక్కా తుడిచింది. తుడుస్తున్నంతసేపూ నేను ఆవిడ ముఖం చూడలేదు.

కొరాపుట్

కొరాపుట్ చలి మా విజయనగరం వాళ్ళకి రెండు స్వెట్టర్ల చలి. సంత రోజు కావడంతో అల్లం, పసుపు, సీతాఫలాలు రాశులు పోసి ఉన్నాయి. ఒక కొండామె తప్పేలాలోంచి మాండియా జావ ఆకు దొన్నెలో పోసి పది రూపాయలంది. మా చోడి అంబలే, అంటే రాగి జావే, కానీ పులుపు ఒక పాలు ఎక్కువ. అప్ప రెండు దొన్నెలు తాగి, "మన అమ్మ సేతిది ఇలాగే ఉండీది," అంది.

టీ కొట్టు బల్ల దగ్గర తమార నన్ను పక్కకి పిలిచింది. "ఆ పిల్లాడు నిప్పు ఎలా పెట్టేవాడో చేత్తో చూపించండి. నాకు వేళ్ళు కావాలి."

నేను అగ్గిపుల్ల గీసినట్టు గీసి చూపించాను. ఆమె కాసేపు నా చెయ్యి చూసి, ఏదో చాలనట్టు పెదవి కొరికి, గీసింది. ఇటు తిప్పింది. నల్లటి గది, శాలువా కప్పుకున్న ఒక సన్నటి మనిషి, నేల మీద కుంపటి, దాని ముందు వంగిన ఒక ఎనిమిదేళ్ళ కుర్రాడు. నిప్పు వెలుగు వాడి గడ్డం కింద నుంచి పడుతోంది.

చెప్పానుగా, కుళ్ళు నా స్వభావం. అంతవరకు తమార మీద కుళ్ళు, వాళ్ళ వాళ్ళ జ్ఞాపకశక్తి మీద కుళ్ళు. ఇప్పుడు ఆ కుర్రాడి మీద పుట్టింది. వాడు నేనని కింద పేరు పడబోతోంది. వాడు నేను కాడు. నాకంటే మంచివాడు.

మాచ్‌ఖండ్

కొరాపుట్‌లో కారు మాట్లాడుకుని బయల్దేరి, ప్రాజెక్టుకని కట్టిన జలాపుట్ జలాశయం కనపడగానే ఆపి టీ తాగాం. కొట్టువాడు నీళ్ళకేసి చెయ్యి చాపి, ఆ అడుగున తన తాత ఊరు ఉందన్నాడు. లావణ్య ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. "ఆ ఊరికి పుస్తకం ఉందా?" అని తమార నన్ను అడిగింది. నేను ఈ నీళ్ళ పక్కనే పెరిగాను, బొమ్మలు వచ్చినవాణ్ణి. టీ వేడిగా ఉందని ఊదుకున్నాను.

పాత కాలనీలో మా కొట్టున్న చోట గోదాము లేచింది. కాలనీలో అందరూ దొర అనే తమార తాత క్వార్టరు మాత్రం పైకప్పు సగం పోయి నిలబడి ఉంది. దాన్ని గుర్తుపట్టింది అప్పే. గొళ్ళెం తీయడానికి కాపలా మనిషిని వెతుక్కుంటూ లావణ్య వెళ్ళింది. మేం ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. కిటికీతో పోల్చుకోవడానికి తమార పుస్తకం తెరిచింది. అప్ప వంగి చూసింది.

ఇంగ్లీషు రాకపోతేనేం? బొమ్మకి ఏ భాషా అక్కర్లేదు. ఆ సంగతి ముప్పయ్యారేళ్ళు క్లాసులో చెప్పినవాణ్ణి నేనే.

"ఇది ఈ గదే కదరా! దొర ఇలాగే కూకునీవోడు. మరి ఈ కుర్రోడెవుడు?"

"ఎవరో... ఊహించి గీసిందిలే."

"ఊహేటి? ఆ కుంపటి రాజేసింది నాను. సెప్పు ఆవిడికి."

తమార అడిగింది, "ఏమంటున్నారు?"

"ఆ రోజులు తనకీ గుర్తున్నాయట," అన్నాను.

తమార పెన్సిలు తీసి అప్ప ముందుకి జరిగింది. అప్ప చెప్పడం మొదలుపెట్టింది. నేను మధ్యలో కూర్చుని, అప్ప 'నాను' అన్న చోటల్లా నన్ను పెట్టి ఇంగ్లీషులోకి దించాను.

"ఓ శుక్రారం దీపాల నూనె ఇచ్చి రమ్మని నాన్న అంపేడు. ఎల్లేసరికి బల్ల మీద తెల్ల గుడ్డ, రెండు దీపాలు. దొర శాలువా కప్పుకుని కూకున్నాడు. సలికి దవడలు కొట్టుకుంటన్నాయి. కుంపటి సల్లగా ఉంది, అగ్గిపెట్టి పక్కనే ఉంది, ముట్టడు. రాజీడం రాదు కాబోలనుకుని నానే రాజేసేను. ఆయన లేసి నిలబడ్డాడు. పీట నా దగ్గిరికి జరిపేడు. ఇద్దరం సెయ్యి కాసుకున్నాం. ఒక్క మాట లేదు."

నేను చెబుతున్నాను, తమార రాస్తోంది. ఇంతవరకు సాఫీగానే నడిచింది.

"ఇంటికొచ్చి సెప్తే అమ్మ ఏటందో తెలుసా? శుక్రారం పూట దీపాలెట్టి, అగ్గి ముట్టకుండా, నోరిప్పకుండా కూకున్నాడంటే ఆ దొర లచ్చిందేవికి మొక్కున్నాడే, ఆడపిల్ల సేత్తో ఎలిగిస్తే గానీ ఆ మొక్కు తీరదు, అంది. ఇంక పతి శుక్రారం తలంటి, బొట్టెట్టి, జడలో కనకాంబరాలెట్టి మరీ అంపీది. మాటాడితే మొక్కు సెడిపోద్ది, నోరిప్పకే, అనీది."

చదివేవారూ, ఈ సంగతి నాకు తెలీదు. డెబ్బై ఏళ్ళుగా అప్ప ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎంత చక్కటి సంగతి! ఒక యూదు తన నియమంతో లోపల కూర్చుంటే, మా అమ్మ బయటి నుంచి దానికి లక్ష్మీదేవిని జోడించి, అలంకరించి పంపింది. ఇంత మంచి ముక్క దొరికితే బొమ్మలవాడెవడైనా వదులుతాడా? ఆ ఆనందంలో ఒళ్ళు మరిచి తమారకి ఉన్నదున్నట్టు దించేశాను.

"మా అమ్మ ప్రతి శుక్రవారం నాకు తలంటి, బొట్టు పెట్టి, జడలో కనకాంబరాలు పెట్టి పంపేది."

పెన్సిలు ఆగింది.

"మీ జడలోనా?"

"మా వైపు మొక్కు తీరేవరకు మగపిల్లలకీ జడ..." అని ఎత్తుకున్నాను. అదీ నిజమే, కొందరికి ఉండేది. నాకు లేదు.

తమార నన్ను చూడటం లేదు. అప్ప చేతుల్ని చూస్తోంది. ఆవిడ గాల్లోనే బొగ్గులు అంచు వెంట పేర్చి, మధ్యలో కొబ్బరి పీచు దోపి, అరచెయ్యి అడ్డం పెట్టి ఊదుతోంది. ఎనభై ఏళ్ళ వేళ్ళు తడుముకోకుండా కదులుతున్నాయి. నేను కొరాపుట్‌లో చూపించింది బీడీ ముట్టించే చెయ్యి.

"ఆ బిడ్డ నేను కాదు, మా అప్ప. నాకప్పుడు అయిదేళ్ళు," అన్నాను.

నేను అప్పకి తెలుగులో చెప్పాను: ఆ కుర్రోడు ఎవడు, ఎలా వచ్చాడు, పులిహోర నాడు నేను ఏం చేశాను. నవ్వుతుందనుకున్నాను. చిన్నప్పటి నుంచి నా కోతలకి నవ్వే మనిషి.

"నాన్న కొట్టూ, ఆనకట్టా, అన్నీ నువ్వే సెప్పుకున్నావు. ఏ పెళ్ళిలోనైనా నాను నోరిప్పేనా? ఇదొక్కటి నాదిరా," అంది.

నా దగ్గర ఇంకో ఎత్తు మిగిలింది. తమార వైపు తిరిగి, "మీ పండగ భోజనంలో మీరూ 'మేము బయటపడ్డాం' అంటారు కదా," అన్నాను.

"ఆ బల్ల దగ్గరున్న పసివాడికి కూడా తెలుసు, మేమెవరమూ అక్కడ లేమని. అక్కడున్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కాబట్టే అందరం కలిసి చెబుతాం. ఈవిడ ఉంది. మీ పక్కనే కూర్చుంది," అంది. అని, కొరాపుట్ కుర్రాడి మీదుగా ఒక గీత కొట్టింది. స్కేలు లేకుండా, తిన్నగా, ఒకే గీత. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా ఆ గీత మీద కుళ్ళొచ్చింది.

లావణ్య వచ్చింది. ఇక మాట దించే పని నాది కాదు. నేను కింది మెట్టు మీదికి దిగాను. అప్ప మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. తమార వాళ్ళ తాత నియమం చెప్పింది.

"అయితే మొక్కు కాదేటి?"

"కాదట నానమ్మా. ఆయన అడక్కూడదట."

"నన్నూ మాటాడొద్దంది కదే అమ్మ." అప్ప సగం పోయిన పైకప్పు వైపు తిరిగింది. "ఒక్కసారైనా పేరడగాల్సింది, అమ్మీ. ఆయన పేరేటి?"

తమార పేరు చెప్పింది. అప్ప ఆ పేరుని నాలుగుసార్లు, నాలుగు రకాలుగా పలికి చూసింది. తమార పెన్సిలు వదిలేసి ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా తమార నా వైపు తిరిగింది. కోపం లేదు గొంతులో. "మీకు నిజంగా గుర్తున్నదేమిటి?"

నా నోటికి మాటల కరువు ఎప్పుడూ లేదు. ఆ పూట వెతుక్కోవాల్సి వచ్చింది. "అప్ప పూలు పెట్టుకుని వెళ్ళేది. నన్ను తీసుకెళ్ళేది కాదు," అన్నాను. "నేను అరుగు మీద..."

తమార నా మాట రాసుకోలేదు. లావణ్య చేత అప్పని అడిగించింది: "ఈయన అక్కడ ఉన్నాడా?"

అప్ప నన్ను చూసింది. లేడంటే ఎవరు కాదంటారు? నేను ఆవిడకి చేసింది అదే. లేదనే అంటుందని తల దించుకున్నాను.

"ఉన్నాడు," అంది అప్ప. "పతి శుక్రారం ఉన్నాడు. నాను ముస్తాబై ఎల్తంటే అరుగు మీద నిలబడి, నానూ వస్తాను నానూ వస్తానని ఒకటే ఏడుపు. సందు తిరిగీదాకా ఇనిపించీది."

నేను తిరిగొచ్చి మూడు నెలలైంది. మొన్న తమార ఆ పేజీ జెరాక్సు పంపింది. పేజీ అంతా అప్పే: పదేళ్ళ పిల్ల, జడలో పూలు, కుంపటి మీద అరచెయ్యి, ఎదురుగా ఆ మనిషి. కింద మూలన నేనూ ఉన్నాను. నా బొమ్మ మూడంగుళాలుంది. స్కేలు పెట్టి కొలిచాను, ఒకటిన్నర. ముఖం కూడా లేదు, సందు వైపు తిరిగిన వీపే. అయినా అది నేనే.